లాగిన్ ఎవరిది?

తెలంగాణలో ఏ తహసీల్ ఆఫీసు ముందైనా ఒక పూట కూర్చోండి. "నా ఫైలు యాడిదాంక వచ్చింది సారూ?" అని రైతు అడుగుతాడు. "కలెక్టర్ లాగిన్‌ల ఉన్నది" అని జవాబు. వారం పోయినాక అడిగితే "తహసీల్దార్ లాగిన్‌కు వాపస్ వచ్చింది" అంటారు. 2020 అక్టోబర్ 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చిన నాటి నుంచి మా మర్పల్లి హోటళ్ళలో చాయ్ గ్లాసుల మధ్య దొర్లుతున్న మాట ఇది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చి పోర్టల్ పేరు మారింది గానీ ఈ మాట పోలేదు. వేలిముద్ర వేసే ముసలవ్వ కూడా లాగిన్ అనే మాటను ఎంత సరిగ్గా వాడుతుందంటే, డాక్టరేట్లు చేసిన సార్లు ఆమె పక్కన కూర్చుని నేర్చుకోవాలి. లాగిన్ అంటే పెత్తనమని ఆమెకు తెలుసు. అది ఒక మనిషికీ ఒక పనికీ కట్టేసి ఉంటుందని తెలుసు. ఫైలు ఎవరి దగ్గర ఆగిందో పేరు పెట్టి నిలదీయొచ్చని కూడా తెలుసు.

పదిమంది కలిసి పరిశోధన చేసే మన ఉమ్మడి ప్రాజెక్టుల్లో మాత్రం ఈ మూడూ తెలియనట్టే నడుస్తుంది. నా కోపం అక్కడ.

రెండు వానకాలాలు నేను కంది చేలల్లో తిరిగాను. ఒక ఉమ్మడి ప్రాజెక్టు. పేరు చెప్పను, చెప్తే తప్పు ఆ ఒక్కదానిదే అనుకుని మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు. మూడు రాష్ట్రాల సంస్థలు, కొందరు సార్లు, కింద మాలాంటి కాంట్రాక్టు ఫీల్డ్ అసిస్టెంట్లు నలుగురం. ఎండు తెగులు ఎక్కడ ఎంతుందో లెక్కపెట్టడం మా పని. పట్లూరు, సిరిపురం, బిల్కల్ వైపు చేలల్లో సాలు పట్టుకుని నడవాలి. మొత్తం మొక్కలెన్ని, వాడినవెన్ని, కాండం చీల్చి చూస్తే లోపల నల్ల చారలున్నాయా లేవా. రైతు పేరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు, విత్తనం ఏ రకం, నిరుడు ఆ చేలో ఏం వేశాడు. నా జేబు పుస్తకంలో ఒక పేజీ ఇప్పటికీ ఇలా ఉంది: "సాలు 3. మొత్తం 60. ఎండినవి 14. చారలున్నవి 11. మిగతా మూడు వేరే రోగమా?" ఆ ప్రశ్నార్థకం పక్కన ఎర్రమట్టి వేలిగుర్తు.

పొద్దుగూకి ఇంటికొచ్చాక ఈ అంకెలన్నీ ఉమ్మడి షీటులోకి ఎక్కించాలి. మొదటి రోజే వాట్సప్‌లో ఒక ఈమెయిలు, ఒక పాస్‌వర్డ్ వచ్చాయి. పాస్‌వర్డ్ అంటే పంట పేరు, దాని వెనక సంవత్సరం. "అందరికీ ఇదే తమ్మీ, మార్చకు" అన్నారు సారు. నలుగురు అసిస్టెంట్లు, ఇద్దరు పీహెచ్‌డీ పిల్లలు, ముగ్గురు సార్లు, కంప్యూటర్ బాగా తెలుసని పిలిపించిన ఒక సారు గారి కొడుకు. లెక్కేసుకోండి, పదిమంది. మొండెం మాత్రం ఒకటే. రావణాసురుణ్ణి తెచ్చి షీటు ముందు కూర్చోబెట్టినట్టుంది.

ఒక రాత్రి షీటు తెరిస్తే పైన కుడి మూలన రంగు గుండ్రాలు వెలుగుతున్నాయి. పేరులేని నక్క ఒకటి, పేరులేని ఒంటె ఒకటి, పేరులేని తాబేలు. లింకు చేతికందినవాళ్ళు ఎవరైనా తెరిచేలా ఎవరో పెట్టేశారన్నమాట. నక్క నెమ్మదిగా రైతుల ఫోన్ నంబర్ల గడుల మీదుగా దిగుతోంది. సారుకు ఫోన్ చేశాను. "ఏం గాదులే తమ్మీ, మనోళ్ళే అయి ఉంటరు" అన్నారు. వికారాబాద్ జిల్లాలో సర్వే నంబరు విలువ ఎంతో హైదరాబాద్ ప్లాట్ల బేరగాళ్ళను అడగండి, చెప్తారు. నన్ను నమ్మి పటేల్లు, అవ్వలు చెప్పిన వివరాలవి. నక్క ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ నవంబర్‌లో ఎవరో షీటులో ఒక్క కాలమ్‌ను మాత్రం వరస మార్చారు. తెగులు శాతాలు చిన్నదాని నుంచి పెద్దదానికి ముచ్చటగా అమరాయి. పక్కనున్న చేల నంబర్లు మాత్రం కదల్లేదు. పచ్చగా కాసిన చేను సగం ఎండినట్టు తేలింది, ఎండి పొయ్యిలోకి పోయిన చేను నిగనిగలాడినట్టు తేలింది. ఎవరు చేశారని మార్పుల చరిత్ర తెరిస్తే ప్రతి మార్పు పక్కనా ఒకటే పేరు, ప్రాజెక్టు పేరు. పది తలల్లో ఏ తల? ఇలాంటప్పుడు తప్పు నీళ్ళలాగే పల్లానికి పారుతుంది. "మర్పల్లి డేటాలో తేడా ఉంది" అన్నారు మీటింగులో. మర్పల్లి డేటా అంటే నేనే. నాలుగు జేబు పుస్తకాలు పేజీ పేజీ ఫొటో తీసి పంపితే గానీ సరిచేయడం కుదరలేదు. తప్పు నాది కాదని మాత్రం ఆ మీటింగులో ఉన్న ఒక్కరి నోటా రాలేదు.

మార్చి 31తో నా కాంట్రాక్టు అయిపోయింది. ఏప్రిల్ మొదటి వారంలో లింకు మూసి పాస్‌వర్డ్ మార్చారు. మార్చాల్సిందే. పని అయిపోయినవాడికి తలుపు మూయడం తప్పు కాదు, నేను కూడా అదే చేస్తాను. కానీ కొత్త పాస్‌వర్డును గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో, ప్రాజెక్టు వదిలి రెండేళ్ళ కిందటే వేరే దేశం వెళ్ళిపోయిన ఒక సారు ఇంకా ఉన్నారు. ఆయన్ను తీసేయమని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు, మొహమాటం. నన్ను తీసేయడానికి మొహమాటం అడ్డు రాలేదు. పుట్టు పూర్వోత్తరాలు చూసి తెరిచే తలుపు, జీతం రశీదు చూసి మూసే తలుపు. గడీలు కూలిపోయాయని పాటలు పాడుకున్నాం గానీ, గడీ తాళంచెవుల గుత్తి ఎవరో జాగ్రత్తగా దాచిపెట్టినట్టున్నారు.

ఒకే పాస్‌వర్డును పదిమంది వాడితే దాన్ని పంచుకోవడం అంటున్నారు. అందులో నా పని నాది కాకుండా పోయింది, వేరేవాడి తప్పు నాదైంది. దానికి తెలుగులో వేరే మాట ఉంది, అది రాస్తే ఈ వ్యాసం అచ్చుకాదు.

మా పక్క తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వెనకున్న 1999 నాటి చట్టం ఏం చెప్తుందో చూడండి: గుర్తింపు ఒక సంఘం పేరిట ఉంటుంది, కానీ ఆ పేరు వాడుకోవాలంటే ప్రతి రైతూ అధీకృత వినియోగదారుగా రిజిస్టరులో విడిగా పేరు రాయించుకోవాలి. సంఘం వేరు, సభ్యుడు వేరు, ఎవరికి ఏ హక్కో రాతలో ఉంటుంది. బస్తాలో పోసే కందుల విషయంలో ఇంత ఖచ్చితంగా ఉన్న దేశం, అదే కంది మీద చేసే పరిశోధనలో "అందరికీ ఇదే తమ్మీ" అనే దగ్గర ఆగిపోయింది.

పరిశోధన తక్కువదేమీ కాదు. సదాశివపేట మీదుగా పోతే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. అక్కడి విత్తన భాండాగారంలో కంది నమూనాలే పదమూడు వేలకు పైగా ఉన్నాయి. ‘ఆశ’ అనే రకం కంది జన్యుపటాన్ని ఆ సంస్థ నాయకత్వంలో ఎన్నో దేశాలవాళ్ళు కలిసి చదివి 2011లో ప్రకటించారు. నలభై ఎనిమిది వేలకు పైగా జన్యువులు. దేశాలు దాటి ఇంతమంది కలిసి పనిచేయడం ఇప్పుడు మామూలు. కలిసి పనిచేస్తే షీట్లు, సర్వర్లు, ఉత్తరాల జాబితాలు, డేటా గిడ్డంగులు అన్నీ ఉమ్మడివే అవుతాయి. ఉమ్మడి ఇంట్లో ఎవరి గది ఎవరిదో ముందే చెప్పుకోకపోతే ఏమవుతుందో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పాలా?

దీనికి దారి లేదా అంటే, ఇరవై ఏళ్ళుగా ఉంది. షిబ్బోలెత్ అని ఒక సాఫ్ట్‌వేర్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ మన విశ్వవిద్యాలయాల కోసం నడిపే ‘ఇన్‌ఫెడ్’ సమాఖ్య దాని మీదే నిలబడింది. పని తీరు సులువే. మీరొక పరిశోధన పత్రికను నెట్‌లో తెరవబోతే అది మిమ్మల్ని పాస్‌వర్డ్ అడగదు, "మీది ఏ సంస్థ?" అని అడిగి మీ సంస్థ గుమ్మానికి పంపుతుంది. అక్కడ మీ సంస్థ మిమ్మల్ని గుర్తుపట్టి "ఈయన మావాడే" అని చీటీ రాసిస్తుంది. పత్రిక ఆ చీటీని నమ్ముతుంది. మీ పాస్‌వర్డ్ మీ ఇంటి గడప దాటదు. మంచి ఏర్పాటు. నాకు దానితో పేచీ లేదు.

పేచీ ఆ పేరుతో ఉంది. బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం పన్నెండో అధ్యాయం కథ అది. యొర్దాను రేవుల దగ్గర గిలాదువాళ్ళు కాపు కాసి, దాటబోయే ప్రతివాణ్ణీ "షిబ్బోలెత్" అనమంటారు. నోరు తిరగక "సిబ్బోలెత్" అన్నవాడు శత్రువు, అక్కడికక్కడే నరికేస్తారు. నలభై రెండు వేలమంది చచ్చారని రాసుంది. యాస చూసి మనిషిని తేల్చడం! "వస్తున్న" అన్నందుకు "పోతున్న" అన్నందుకు సినిమా హాళ్ళలో నవ్వులపాలైన ప్రాంతంవాణ్ణి నేను. ఎవరో సరదాకి పెట్టిన పేరే కావచ్చు, నాకు మాత్రం నవ్వు రాదు. ఎందుకంటే ఆ రేవు దగ్గర ఈనాటికీ అడిగే ప్రశ్న అదే: నువ్వు ఎవరివాడివి? నువ్వేం చేశావు అని కాదు.

"మావాడే" అని చీటీ రాసే సంస్థ లేనివాడి సంగతేంటి? రెండు కాంట్రాక్టుల నడుమ ఖాళీగా ఉన్న నాలాంటివాడు? ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మాస్టారు? తన చేలో తానే ప్రయోగాలు చేసే రైతు? కేంద్రం 2024 నవంబర్ 25న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే పరిశోధన పత్రికల పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు, దాదాపు 1.8 కోట్ల మంది పాఠకులు. మంచిదే, ఇన్నాళ్ళూ ఒక్కో వ్యాసానికి వేలు కట్టలేక ఏడ్చిన జిల్లా కాలేజీ పిల్లలకు ఇది పండగే. కానీ పేరులో నేషన్ అని పెట్టి గుమ్మంలో సంస్థ గుర్తింపు కార్డు అడిగితే ఎలా? కార్డు లేని మిగతా జనమంతా ఏ నేషన్?

ఇంకో సంగతి కూడా సార్లకు చెప్పాలి. సంస్థ చీటీ "ఈయన మావాడే" అంటుంది, అంతే. "ఈయన ఎండు తెగులు ప్రాజెక్టులో మూడో షీటు దిద్దవచ్చు, రైతుల ఫోన్ నంబర్లు మాత్రం చూడకూడదు" అని అనదు, అనలేదు. సంస్థకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అది తెలిసింది ప్రాజెక్టుకే. కాబట్టి సభ్యుల పట్టీ ప్రాజెక్టు చేతిలో ఉండాలి, ప్రాజెక్టే దాన్ని రోజూ చూసుకోవాలి. మనిషి ఎవరో సంస్థ చెప్తుంది, ఆ మనిషి పని ఏమిటో ప్రాజెక్టు చెప్తుంది. ఈ రెంటినీ కలిపి ముద్ద చేయడమే మన జబ్బు.

ఈ రెంటినీ విడదీసి నడిపినవాళ్ళు ఉన్నారు. మా మర్పల్లి స్టేషన్ పట్టాలు బీదర్, పర్లీ మీదుగా పోతాయి. పర్భణీ, పూర్ణా దాటి ఇంకా పైకి పోతే హింగోలి. ఆ జిల్లాలోని ఔంఢా నాగనాథ్ దగ్గర గురుత్వ తరంగాలను పట్టే లైగో ఇండియా రాబోతోంది. 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లకు కేంద్రం ఒప్పుకుంది. అమెరికాలో లైగో 2015 సెప్టెంబర్ 14న గురుత్వ తరంగాన్ని పట్టుకుంది, 2016 ఫిబ్రవరి 11న లోకానికి చెప్పింది. వ్యాసం మీద వెయ్యికి పైగా పేర్లు. అంతమందికి ఒకే పాస్‌వర్డ్ వాట్సప్‌లో పంపించి ఉంటే ఆ ఐదు నెలలు ఎలా గడిచేవో ఊహించుకోండి. వాళ్ళు ప్రతి బృందానికీ ఒక పెద్దను పెట్టి, తన కింద ఎవరున్నారో, ఎవరు వెళ్ళిపోయారో పట్టీలో రాసే బాధ్యత ఆ పెద్ద నెత్తిన పెట్టారు. ఆ తరహా పట్టీలు నడపడానికే ‘కోమేనేజ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఆహ్వానం పంపడం, పూచీ పడ్డవాళ్ళు ఒప్పుకోవడం, ఏ గుంపులో ఉన్నాడో రాయడం, గడువు తీరాక దానంతటదే తలుపు పడటం, అన్నీ అందులో ఉన్నాయి. తరంగం దొరికిందన్న గుసగుసలు అప్పుడూ ముందే బయటికొచ్చాయి, మనుషుల నోళ్ళకు సాఫ్ట్‌వేర్ తాళం వేయలేదు. కానీ ఏ తలుపు ఎవరు తెరిచారో అడిగితే జవాబుంటుంది.

"ఇవన్నీ అమెరికా డబ్బున్నోళ్ళ ముచ్చట్లు" అంటారు సార్లు. అమెరికా ఎందుకు, మా రైల్లోనే కోహీర్ దాటి జహీరాబాద్‌లో దిగండి. పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు విత్తన బ్యాంకులు నడుపుతున్నారు. ఎక్కువమంది దళిత మహిళలు, చాలామందికి అక్షరం రాదు. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వాళ్ళకు వచ్చింది. ఎవరు సంఘంలో ఉన్నారు, ఎవరు ఏ విత్తనం ఎంత తీసుకుపోయారు, పంట చేతికొచ్చాక ఎంత మించి కొలవాలి, ఏ విత్తనాన్ని ఏ అవ్వ ఏ బుట్టలో బూడిద కలిపి దాచింది, నోటితో చెప్తారు. అక్కడ విత్తనం పది మందిదే, కానీ తీసుకున్న చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. పంచుకోవడం అంటే అదీ.

అంతెందుకు, 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిన నాటి నుంచి తెలంగాణలో గ్రంథాలయాలకున్న సంప్రదాయం ఏమిటి? సభ్యుడి పేరు, ఊరు, పూచీదారు సంతకం, పుస్తకం తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ. ఐదు గళ్ళు. రూళ్ళ నోటుబుక్కు అరవై రూపాయలకు దొరుకుతుంది. డబ్బు లేదని చెప్పే ప్రాజెక్టు ఏదైనా ఉంటే, ఆ అరవై నేనిస్తాను.

ఇంకొందరు భయం చూపిస్తారు. "ప్రతి ఒక్కడికీ లాగిన్ ఇస్తే దొంగలు పడరా?" 2020 మే నెలలో యూరప్‌లో దొంగలు పడ్డారు, నిజమే. ఎడిన్‌బరోలోని ఆర్చర్ సూపర్ కంప్యూటర్ సహా జర్మనీ తదితర దేశాల్లో ఎన్నో యంత్రాలను రోజుల తరబడి మూసేయాల్సి వచ్చింది. దొంగలు గోడ దూకలేదు. కలిసి పనిచేసే వేరే సంస్థల వాడుకరుల తాళంచెవులు కాజేసి, ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రంలోకి దర్జాగా గుమ్మంలోంచే నడిచారు. చివరికి అందరి పాస్‌వర్డులు, తాళంచెవులు రద్దుచేసి కొత్తవి ఇచ్చారు. పేరుకొక తాళంచెవి ఉన్న చోటనే ఇంత జరిగితే, పంట పేరు వెనక సంవత్సరం తగిలించిన పాస్‌వర్డ్ పదిమంది ఫోన్లలో, అందులో ఇద్దరు ఫోన్లు అమ్మేసుకున్నాక, ఏ నక్క చేతిలో ఉందో ఎవరికి తెలుసు? ఎక్కువమందికి తలుపు తెరవడం కాదు ప్రమాదం. ఎవరికి తెరిచామో రాసుకోకపోవడం ప్రమాదం, వెళ్ళిపోయినవాడి వెనక మూయకపోవడం ప్రమాదం.

గైడు లాగిన్‌తో పనిచేసే పీహెచ్‌డీ పిల్లలూ, పిల్లల లాగిన్‌తో సమీక్షలు రాయించుకునే గైడులూ, మీ సంగతి ఇంకోసారి రాస్తాను. ఒక్క మాట మాత్రం ఇప్పుడే. 2012 నుంచి ఓర్కిడ్ అనే పదహారు అక్షరాల గుర్తు ఉచితంగా దొరుకుతోంది. ఉద్యోగం మారినా, సంస్థ పోయినా, అది మనిషి వెంటే ఉంటుంది. నాకు ఒకటుంది, వికారాబాద్‌లో నెట్ సెంటర్లో కూర్చుని తెరిచాను. అందులో నా పనుల జాబితా ఇప్పటికి ఖాళీ. రెండు వానకాలాలు, నాలుగు జేబు పుస్తకాలు, కొన్ని వందల చేలు, జాబితాలో సున్నా. ఎందుకంటే షీటులో నా పేరు ఎక్కడా లేదు, రావణుడి పేరే ఉంది.

ఈ మధ్య ఇంకో ఉమ్మడి ప్రాజెక్టువాళ్ళు కబురు పెట్టారు. కందిలోనే, ఈసారి వెర్రి తెగులు మీద. "నీకు ఊర్లు తెలుసు గదా తమ్మీ, రా" అన్నారు. వస్తానని ఒక మెయిలు రాశాను. నాకు నా పేరుతో విడి లాగిన్ కావాలి. నేను ఎక్కించిన ప్రతి వరస పక్కనా నా పేరు కనబడాలి. రైతుల ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు వేరే షీటులో ఉండాలి, అది ఎవరెవరు చూస్తారో ముందే రైతుకు చెప్పాలి. నా కాంట్రాక్టు ఏ తేదీన అయిపోతుందో అదే తేదీన నా తలుపు మూయండి, ప్రాజెక్టు వదిలిన సార్లవి కూడా అదే రోజు మూయండి. నేను పోయాక కూడా నేను ఎక్కించినవి చూసుకునే వీలు, దిద్దే వీలు కాదు, చూసుకునే వీలు మాత్రం ఉంచండి. సభ్యుల పట్టీని చూసుకునే ఒక మనిషి పేరు చెప్పండి, ఇబ్బందొస్తే నేను ఫోన్ చేస్తాను. ఇవి ఒప్పుకుంటే తొలకరి పడ్డ మర్నాడే పట్లూరు దారిలో ఉంటాను.

మెయిలు పంపి ఇరవై రెండు రోజులైంది. నిన్న సాయంత్రం మబ్బు పట్టింది, రైతులు గొర్రు బయటికి తీస్తున్నారు. జవాబు ఇంకా రాలేదు. ఎవరి లాగిన్‌ల ఉన్నదో మరి.